పాత బండి – చమురు పద్దు

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇప్పుడే పంచాంగ శ్రవణం విన్నాం. ఎవరి రాశికి ఆదాయం ఎంత, వ్యయం ఎంత అని చెవులు రిక్కించి విన్నవారిలో నేనూ ఒకణ్ణి. ఆదాయం రెండు, వ్యయం పదునాలుగు వచ్చినవారు కాస్త దిగులుగా కనిపిస్తున్నారు. వారి దిగులును మరికొంత పెంచాలనో, తగ్గించాలనో గాని, కార్యదర్శిగారు నా ప్రసంగాన్ని పంచాంగం వెనువెంటనే పెట్టారు. నేను చెప్పబోయేది వ్యయం గురించే. మన వాకిళ్లలో నిలబడి ఉన్న పాత సుమోలు, బొలెరోలు, క్వాలిస్‌లు, స్కార్పియోలు, ఇంకా అక్కడక్కడ ప్రాణాలతో మిగిలిన పాత మహీంద్రా జీపులు తాగే చమురు గురించి.

ఇట్లాంటి బండ్లను ఇంగ్లీషులో స్పోర్ట్ యుటిలిటీ వెహికిల్ అంటారు. పొట్టిగా ఎస్.యు.వి. మన కోరాపుట్ ప్రాంతంలో పెద్దవాళ్లు ఏ పేరు పెట్టి అమ్మినా వాటిని జీపు అనే అంటారు. నేనూ ఈ పూట అట్లాగే అంటాను. మోటారు షెడ్డులో ముప్పై ఏళ్లకు పైగా చేతులకు గ్రీజు పూసుకున్నవాణ్ణి కాబట్టి, అలవాటు పోదు.

సంగీతం, సాహిత్యం, నాటకం ఉండగా తెలుగు సంఘం సభలో ఈ డీజిలు గొడవ ఏమిటి అని కొందరికి అనిపించవచ్చు. మన చరిత్ర తెలిసినవారికి అట్లా అనిపించదు. 1936 ఏప్రిల్ 1వ తేదీ వరకు ఈ కోరాపుట్ సీమ విశాఖపట్నం జిల్లాలోనిదే. ఆనాడు ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు ఇది అందులో కలిసింది. మనలో ఉద్యోగానికో వ్యాపారానికో కొండ ఎక్కి వచ్చినవారు చాలామంది ఉన్నారు. ఉన్నచోటనే ఉండగా సరిహద్దు తమను దాటిపోయినవారూ ఉన్నారు. ఎవరైనా ఆడపడుచులు, మేనమామలు, వియ్యాలవారు సాలూరు, బొబ్బిలి, పార్వతీపురం, విజయనగరం వైపే ఎక్కువ. పెండ్లికి, పురిటికి, సంక్రాంతికి, పైడితల్లి సిరిమానోత్సవానికి దిగవలసినదే. బస్సులున్నాయి, రైళ్లున్నాయి. కాని మోకాళ్ల నొప్పుల అత్తగారిని, చంటిపిల్లను, రెండు బస్తాల బియ్యాన్ని, ఆవకాయ జాడీని ఒకేసారి ఇంటి గుమ్మం నుంచి ఇంటి గుమ్మానికి చేర్చేది జీపు ఒక్కటే. ఆ జీపు ఖర్చు భరించలేనిదైతే రాకపోకలు తగ్గుతాయి. రాకపోకలు తగ్గిన ఇండ్లలో పిల్లల తెలుగు ఏమవుతున్నదో మీరు చూస్తూనే ఉన్నారు.

ఇక కిరాయి బండ్లు నడిపి బతికే సోదరులున్నారు. వారికి ఇది పండుగ ప్రయాణం లెక్క కాదు, పొయ్యి లెక్క.

మొదట ఈ బండ్లు ఎందుకు ఇంతగా తాగుతాయో చూద్దాం. 1947 నుంచి మహీంద్రావారు బొంబాయిలో అమెరికా జీపులను విడిభాగాలుగా తెప్పించి బిగించడం మొదలుపెట్టారు. యుద్ధరంగం కొరకు పుట్టిన బండి అది. దాని పెట్రోలు ఇంజన్ 2,199 సి.సి. బురదలో, గుట్టలో లాగడం దాని పని. ఎంత తాగుతుందని సైన్యంలో ఎవరూ అడగలేదు. తరువాత మన దేశంలో ఆ ఒడ్డూపొడుగుకే డీజిలు ఇంజన్లు పెట్టారు. 1994లో టాటావారి సుమో వచ్చింది. కుస్తీపట్లకు ఆ పేరుకూ సంబంధం లేదు. ఆ సంస్థను పెంచిన సుమంత్ మూల్గావ్‌కర్ గారి పేరులోని అక్షరాలవి. 1998లో సఫారీ, 2000లో బొలెరో, క్వాలిస్, 2002లో స్కార్పియో. క్వాలిస్ అమ్మకం 2005లోనే ఆపేశారు గాని, మన ఘాట్ రోడ్డుకు ఆ సంగతి ఇంకా ఎవరూ చెప్పినట్లు లేదు.

వీటన్నిటికీ పోలిక ఒకటి ఉన్నది. కింద లారీకి ఉన్నట్లు నిచ్చెన వంటి ఇనుప చట్రం, దానిమీద ఎత్తయిన పెట్టె వంటి శరీరం. వీటిలో చాలావాటికి ఖాళీ బండే ఒకటిన్నర టన్నుకు పైన. ముందు అద్దం గోడలాగా నిలబడి ఉంటుంది. బరువు ఘాట్ ఎక్కేటప్పుడు ఖర్చు పెట్టిస్తుంది, గోడ మైదానంలో ఖర్చు పెట్టిస్తుంది. ఈ రెండు మాటలు గుర్తుంచుకుంటే తక్కినదంతా వాటి వివరణే.

వీటిలో ఎక్కువ డీజిలు బండ్లే కావడానికి కారణం ఉన్నది. ఆనాడు డీజిలు ధరను ప్రభుత్వం అదుపులో ఉంచేది. పెట్రోలుతో పోలిస్తే చాలా చవక. పెట్రోలు ధరపై నియంత్రణ 2010లో తొలగింది, డీజిలుపై 2014 అక్టోబరులో తొలగింది. చవక డీజిలును నమ్ముకొని కొన్న బండ్లు ఇప్పుడు ఆ చవక లేని కాలంలో నడుస్తున్నాయి. అందుకే ఇది పాత బండ్లవారి సమస్యగా మిగిలిపోయింది.

సరే, మీ బండి లీటరుకు ఎంత ఇస్తున్నది? ఈ ప్రశ్న అడిగితే మగవారు అందరూ తమ పెండ్లినాటి బరువు చెప్పినట్లు చెబుతారు. ‘పధ్నాలుగండి’ అంటారు. కొలిచారా అంటే, ‘కొన్నప్పుడు షోరూమువాడు చెప్పాడండి’ అంటారు. కొలిచే పద్ధతి సులువే. ట్యాంకు నిండా పోయించండి. కిలోమీటరు రాసుకోండి. మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగాక అదే బంకుకు వెళ్లి, అదే పంపు దగ్గర, బండిని అదే వైపుకు నిలిపి మళ్లీ నిండా పోయించండి. రెండోసారి పట్టిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లను భాగించండి. డీజిలు నురగ కడుతుంది, బండి ఒక పక్కకు ఒరిగి నిలిస్తే లీటరో రెండు లీటర్లో తేడా వస్తుంది. అందుచేత ఒక్క ట్యాంకు లెక్కను నమ్మకూడదు. వరుసగా మూడు నాలుగు ట్యాంకుల మొత్తం తీసుకొంటేనే నిజం తెలుస్తుంది. ఐదు వందల రూపాయలది పోయించి, ముల్లు ఎక్కడిదాకా దిగిందో చూసి చెప్పే మైలేజి మైలేజి కాదు, జోస్యం.

ఇందులో మరొక మెలిక ఉన్నది. కుర్రవాళ్లు అందానికి పెద్ద టైర్లు వేయిస్తున్నారు. టైరు చుట్టుకొలత నూటికి ఐదు వంతులు పెరిగితే చక్రం అన్ని తక్కువసార్లు తిరుగుతుంది. బండి నిజంగా 105 కిలోమీటర్లు పోయినా మీటరు 100 అనే చూపుతుంది. లెక్కలో మైలేజి పడిపోయినట్లు కనిపిస్తుంది. సగం నిజం, సగం మీటరు అబద్ధం. నిజం భాగం ఏమంటే ఆ పెద్ద టైరు బరువు, వెడల్పు నిజంగానే ఎక్కువ తాగిస్తాయి.

ఇప్పుడు కొంచెం లెక్కలోకి రండి. విద్యార్థులు కూడా వినదగిన లెక్క ఇది. ఒక ఇంట్లో రెండు బండ్లున్నాయనుకుందాం. పాత జీపు లీటరుకు 8 ఇస్తున్నది, చిన్న కారు 14 ఇస్తున్నది. మెకానిక్ దగ్గర పని చేయిస్తే జీపు 10కి వస్తుంది, కారు 16కి వస్తుంది. రెండింటికీ పెరుగుదల రెండే. డబ్బులు ఒక్కదానికే ఉన్నాయి. దేనికి పెడతారు? కారుకైతేనేమి, జీపుకైతేనేమి, అని చాలామంది అంటారు. వెయ్యి కిలోమీటర్లకు లెక్క కట్టి చూడండి. జీపు 125 లీటర్ల నుంచి 100కి దిగుతుంది. 25 లీటర్ల ఆదా. కారు 71 నుంచి 62 దగ్గరికి దిగుతుంది. ఆదా 9 లీటర్లు కూడా నిండదు. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని కాక, వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అని అడిగితే ఈ మోసం ఉండదు. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన లారిక్, సోల్ అనే ఇద్దరు ఆచార్యులు 2008లో ‘సైన్స్’ పత్రికలో ఈ భ్రమ గురించే రాశారు. చదువుకున్నవారు కూడా ఇందులో పడుతున్నారని చూపారు. మనకు దీనివల్ల తెలిసేది ఏమంటే, బాగా తాగే పాత బండికి చేయించిన చిన్న మరమ్మతు, తక్కువ తాగే బండికి చేయించిన పెద్ద మరమ్మతు కంటె ఎక్కువ మిగులుస్తుంది. పాతదే కదా అని వదిలేసే అలవాటు సరిగ్గా తలకిందులైనది.

ఇక షెడ్డు సంగతులు. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు నిలబడతాను, మన్నించాలి.

మన వైపు మెకానిక్కులకు ఒక అలవాటు ఉన్నది. ఇంజన్ వేడెక్కుతున్నదని బండి వస్తే, థర్మోస్టాట్ వాల్వును పీకి అవతల పారేస్తారు. ‘ఇది చలి దేశాలకు పెట్టిందండి, మనకు అక్కరలేదు’ అంటారు. వినడానికి బాగుంటుంది. కాని ఆ వాల్వు పని ఇంజన్‌ను చల్లబరచడం కాదు, తగిన వేడికి త్వరగా తెచ్చి అక్కడ నిలపడం. అది లేకపోతే రేడియేటరు నీరు మొదటి నిమిషం నుంచి తిరుగుతూ ఇంజన్‌ను చల్లగానే ఉంచుతుంది. చల్లని సిలిండరులో డీజిలు సరిగా కాలదు, ఇంజన్ ఆయిలు చిక్కగా ఉండి రాపిడి పెరుగుతుంది. కోరాపుట్‌లో డిసెంబరు తెల్లవారుజామున బయలుదేరిన బండి పది, పదిహేను కిలోమీటర్ల దాకా వేడెక్కకపోతే, మీ ముల్లు సగానికి కూడా రాకపోతే, వాల్వు ఉన్నదో లేదో అడగండి. అసలు వేడెక్కడానికి కారణం రేడియేటరులో పేరుకున్న తుప్పో, వాటర్ పంపో అయి ఉంటుంది. దాన్ని బాగుచేయక వాల్వు పీకడం, జ్వరం వచ్చిందని థర్మామీటరు విరగ్గొట్టడం వంటిది.

దీనికి తోబుట్టువు ఫ్యాను. కొన్ని బండ్లలో ఫ్యాను వేడిని బట్టి గట్టిగానో నెమ్మదిగానో తిరిగే అమరిక ఉంటుంది. అది పాడైతే కొత్తది ఖరీదు. అందుచేత బోల్టులతో బిగించేసి ఎప్పుడూ పూర్తి వేగంతో తిరిగేట్లు చేస్తారు. అవసరం ఉన్నా లేకున్నా ఇంజన్ ఆ ఫ్యానును మోస్తూనే ఉంటుంది. రోడ్డుమీద విమానం లేచినట్లు హోరుమని వచ్చే జీపులను మీరు చూసి ఉంటారు. ఆ హోరు డబ్బు శబ్దం.

మూడోది బ్రేకులు. పాత బండిలో చక్రం దగ్గరి సిలిండరు పట్టేసి, లైనింగు డ్రమ్మును పూర్తిగా వదలదు. డ్రైవరు కాలు తీసినా బ్రేకు కొంచెం పట్టే ఉంటుంది. పది కిలోమీటర్లు బ్రేకు ఎక్కువ వాడకుండా నడిపి, ఆపి, నాలుగు చక్రాల దగ్గర చేయి పెట్టి చూడండి, తాకకండి, దగ్గరగా పెట్టండి చాలు. ఒకటి మిగతావాటికంటె బాగా వేడిగా ఉంటే అక్కడ మీ డీజిలు కాలుతున్నదన్నమాట. చదునైన చోట న్యూట్రల్‌లో పెట్టి ఇద్దరు తోస్తే బండి కదలాలి. నలుగురు తోసినా మొండికేస్తే బేరింగో బ్రేకో చూపించుకోవాలి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

గాలి విషయం అందరికీ తెలుసు, ఎవరూ చేయరు. డ్రైవరు తలుపు తీస్తే స్తంభం మీద చీటీ అంటించి ఉంటుంది. ఖాళీ బండికి ఎంత, నిండు బండికి ఎంత అని దానిమీద వేరువేరుగా రాసి ఉంటుంది. పంక్చరు షాపులో ‘అన్నిటికీ ముప్పై పాయింట్లు కొట్టు’ అనడం కాక ఆ చీటీ చూపించండి. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టులోను నలుగుతుంది; నలిగినప్పుడల్లా వేడెక్కుతుంది; ఆ వేడి మీరు పోయించిన ఆయిలు నుంచే వచ్చింది.

నల్లపొగ గురించి ఒక మాట. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయినా, నాజిళ్లు అరిగి డీజిలును మంచులా చిమ్మక చుక్కలుగా కార్చినా, పంపు స్క్రూ తిప్పి అవసరానికి మించి డీజిలు పంపినా పొగ నల్లగా వస్తుంది. ఆ నలుపు సగం కాలిన డీజిలే. బరువు లాగుతున్నప్పుడు ఒక్క పొగ విసురు సహజం. చదునుమీద కూడా వెనుక బండివాడికి దారి కనబడనంత పొగ వస్తే అది సహజం కాదు. ‘పవరు చాలటం లేదు’ అని డ్రైవరు అంటే స్క్రూ తిప్పడం తేలిక, నాజిళ్లు దింపి టెస్టరు మీద పరీక్ష చేయించడం శ్రమ. శ్రమ పడిన మెకానిక్‌కు నాలుగు రూపాయలు ఎక్కువ ఇవ్వండి. ఆ పొగ వీధిలో ఆడుకొనే పిల్లలు పీల్చేది కూడా. 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న బి.ఎస్. 6 బండ్లలో పొగను పట్టి కాల్చే ఏర్పాటు ఉన్నది. మన పాత బండ్లకు అట్లాంటిదేమీ లేదు. నాజిలు బాగుండడమే వాటికి రక్ష.

నాలుగు చక్రాల లాగుడు ఉన్న జీపులవారు దాన్ని మామూలు తారురోడ్డుమీద వేసి ఉంచవద్దు. మలుపులో ముందు చక్రాలు, వెనుక చక్రాలు ఒకే దూరం పోవు. మధ్యలో పళ్లచక్రాలు మెలిపడి టైర్లూ అరుగుతాయి, చమురూ పోతుంది. బురద దాటగానే తీసేయాలి.

ఇప్పుడు ఘాట్ రోడ్డుకు వద్దాం. నేను ఈ ప్రసంగానికి ఒప్పుకున్నది నిజానికి ఈ ఒక్క విషయం చెప్పడానికే.

సాలూరు కంటె కోరాపుట్ సుమారు 750 మీటర్లు ఎత్తు. ఎనిమిదిమందితో, సామానుతో బండి బరువు రెండు టన్నులు దాటుతుంది. అంత బరువును అంత ఎత్తుకు ఎత్తడానికే, ముందుకు పోయే ఖర్చు కాక, సుమారు లీటరున్నర డీజిలు అవుతుంది. లీటరు డీజిలులో ఉన్న శక్తిలో ఇంజన్ పనికి మార్చగలిగేది మూడోవంతుకు లోపే, అని పెట్టుకొని కట్టిన లెక్క ఇది. ఆ లీటరున్నర తప్పదు. ఏ డ్రైవరూ దాన్ని మిగల్చలేడు. మిగల్చగలిగేది ఎక్కేటప్పుడు గేరు సరిగా వాడటంలో: ఇంజన్ గిలగిల కొట్టుకునేదాకా పై గేరులో లాగించకూడదు, అరుపు పుట్టేదాకా కింది గేరులో తొక్కకూడదు.

ఎక్కేటప్పుడు పెట్టిన ఖర్చును దిగేటప్పుడు తిరిగి రాబట్టాలని మనవాళ్లలో ఒక ఆశ ఉన్నది. సుంకి దాటగానే న్యూట్రల్‌లోకి తోసి, కొందరైతే తాళంచెవి కూడా తిప్పి ఇంజన్ ఆపేసి, కిందికి జారవిడుస్తారు. ‘పది కిలోమీటర్లు ఫ్రీ గురువుగారూ’ అని ఒక డ్రైవరు నాతో గర్వంగా అన్నాడు. ఆ ఫ్రీ ఏమిటో విప్పి చెబుతాను.

బండి గేరులో ఉండి, డ్రైవరు యాక్సిలరేటరు మీద నుంచి కాలు పూర్తిగా తీసి దిగుతున్నప్పుడు ఇంజన్‌ను తిప్పుతున్నది డీజిలు కాదు, చక్రాలు. అప్పుడు పంపులోని గవర్నరు డీజిలును పూర్తిగా, లేదా దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. పాత యాంత్రిక పంపుల్లోను ఇంతే, తరువాత వచ్చిన కంప్యూటరు పంపుల్లోను ఇంతే. న్యూట్రల్‌లో పెట్టగానే చక్రాలకు ఇంజన్‌కు సంబంధం తెగిపోతుంది; ఇంజన్ ఆగిపోకుండా ఉండడానికి పంపు డీజిలు ఇవ్వవలసి వస్తుంది. అంటే కొండ దిగేటప్పుడు న్యూట్రల్ చమురు మిగల్చదు, తాగుతుంది. గేరులో దిగితే ఇంజనే బండిని పట్టి ఆపుతూ ఉంటుంది. న్యూట్రల్‌లో ఆ పట్టు లేదు. రెండు టన్నుల బరువు మొత్తం బ్రేకుల మీద పడుతుంది. మలుపు మలుపుకూ తొక్కి తొక్కి లైనింగులు కాలి వాసన వస్తుంది, ఆయిలు మరుగుతుంది, తరువాత పెడలు నేలదాకా పోయినా బండి ఆగదు.

ఇంజన్ ఆపి దిగేవారి సంగతి మరీ ఘోరం. బ్రేకుకు సాయపడే వాక్యూమ్ ఇంజన్ తిరుగుతున్నంతసేపే పుడుతుంది. ఆపాక ఒకటి రెండు తొక్కుళ్లకు నిలవ ఉన్నది సరిపోతుంది. ఆ తరువాత పెడలు రాయిలాగా గట్టిపడుతుంది. పవర్ స్టీరింగు బరువెక్కుతుంది. తాళంచెవి ఇంకొంచెం తిరిగితే స్టీరింగే బిగుసుకుంటుంది. ఎదురుగా లోడు లారీ, పక్కన లోయ. మిగిలిన డీజిలు ఎంత? న్యూట్రల్‌లో ఇంజన్ ఊరికే తిరిగితే గంటకు అయ్యేది అర లీటరు, ముప్పాతిక లీటరు. ఘాట్ దిగడానికి అరగంట వేసుకోండి. పావు లీటరు చిల్లర డీజిలు కోసం బండిలో ఉన్న ఎనిమిదిమందినీ పణంగా పెట్టడం. అదైనా గేరులో దిగినవాడికి ఏ ప్రమాదమూ లేకుండా ఊరికే దక్కేది. ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగమని పాత లారీ డ్రైవర్లు చెప్పేవారు. వాళ్లు పంపు విప్పి చూసి చెప్పలేదు గాని, పంపు విప్పినా అదే తేలుతుంది. తల్లులారా, ఈసారి సాలూరు దిగేటప్పుడు మీ అబ్బాయి చేయి గేరు కర్ర మీద ఎక్కడున్నదో కొంచెం చూడండి. మీరు అడిగితే వింటాడు, నేను చెబితే నవ్వుతాడు.

ఘాట్ దిగాక మైదానం. అక్కడ ఇందాక చెప్పిన గోడ పని మొదలవుతుంది. గాలి అడ్డుదల వేగంతో కాక వేగపు వర్గంతో పెరుగుతుంది. 60 నుంచి 100కి వెళితే అడ్డుదల సుమారు రెండు రెట్ల ముప్పాతిక అవుతుంది. నున్నని చిన్న కారు కొంత తట్టుకుంటుంది. పెట్టె వంటి జీపు తట్టుకోదు. 1978లో ఏర్పడిన పెట్రోలియం పరిరక్షణ పరిశోధన సంఘంవారు 45 నుంచి 55 మధ్య వేగం పొదుపైనదని ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. నేటి రహదారిమీద 50లో పోతే వెనుకవాడు తిడతాడు. కాని 100కి బదులు 75, 80లో పోతే విజయనగరం చేరడానికి పట్టే ఆలస్యం ఒక కప్పు కాఫీ సేపు.

పైన క్యారియరు ఉన్నది చూశారూ, దాన్ని సంక్రాంతికి ఎక్కించి మళ్లీ సంక్రాంతిదాకా దించము. ఖాళీ క్యారియరు కూడా గాలిని చీలుస్తుంది. సామాను ఉన్నప్పుడు బరువైనవి లోపల, తేలికైనవి పైన, టార్పాలిన్ పటపట కొట్టుకోకుండా బిగించి కట్టండి. అత్తగారి ఊరి నుంచి వచ్చే జాడీలు తగ్గించమని నేను చెప్పలేను. చెప్పి ఈ సభలోంచి క్షేమంగా బయటపడలేను.

చమురు మిగుల్చుతామంటూ పైపుకు తగిలించే అయస్కాంతాలు, ట్యాంకులో వేసే మాత్రలు అమ్మేవారు వస్తుంటారు. అమెరికా పర్యావరణ సంస్థవారు ఇట్లాంటి సాధనాలను వందకు పైగా పరీక్షించి, ప్రయోజనం చూపినవి బహు కొద్ది అని, చూపినవాటిలోను లాభం స్వల్పమేనని తేల్చారు. ఆ డబ్బుతో ఎయిర్ ఫిల్టరు కొనండి.

పెట్రోలు జీపులు, జిప్సీలు ఉన్నవారికి వేరే మాట. 2025 నాటికి మన పెట్రోలులో నూటికి ఇరవై పాళ్లు ఇథనాల్ కలిసింది. లీటరు ఇథనాల్‌లో శక్తి లీటరు పెట్రోలులో ఉన్నదానికంటె మూడోవంతు తక్కువ. పాతకాలపు పెట్రోలుకు పుట్టిన బండికి మైలేజి నూటికి ఆరు, ఏడు వంతులు తగ్గవచ్చునని 2021లో నీతి ఆయోగ్ ప్రణాళికే అంచనా కట్టింది. అందుచేత ఆ మేరకు తగ్గితే మెకానిక్‌ను నిందించకండి. కాని పాత రబ్బరు గొట్టాలు, వాషర్లు ఇథనాల్‌కు పాడయ్యే అవకాశం ఉన్నది. వాటిని మాత్రం మార్పించుకోండి. పెట్రోలు కారడం పొదుపు విషయం కాదు, నిప్పు విషయం.

చివరికి, ఇంటింటా జరుగుతున్న వాదం. కొడుకు అమ్మేద్దామంటాడు, తండ్రి ఉంచుదామంటాడు. ఇద్దరిలో ఎవరి పక్షమో చెప్పమని నన్ను చాలామంది అడిగారు. నేను కిలోమీటర్ల పక్షం. ఏడాదికి ఆరువేల కిలోమీటర్లు తిరిగే ఇల్లు తీసుకుందాం, లెక్కకు డీజిలు లీటరు 90 రూపాయలు వేసుకుందాం. పాత బండి లీటరుకు 10 ఇస్తే 600 లీటర్లు, 54 వేలు. కొత్తది 15 ఇస్తే 400 లీటర్లు, 36 వేలు. ఏడాదికి మిగిలేది 18 వేలు. కొత్త బండి పది లక్షలు అనుకొంటే, చమురు ఆదాతోనే ఆ సొమ్ము రాబట్టడానికి యాభై ఏళ్లు దాటుతుంది. వడ్డీ కలపలేదు. కాబట్టి పొదుపు కోసం అమ్ముతున్నాం అనే మాట ఆ ఇంట్లో చెల్లదు. గాలి సంచుల కోసమనో, కొత్తదనం కోసమనో చెబితే అది వేరే వాదం, అందులో కొడుకు గెలవవచ్చు. పాత బండి 8 ఇస్తున్నదాన్ని 10కి తెచ్చుకుంటే చాలు, ఏడాదికి 150 లీటర్లు, పదమూడున్నర వేలు మిగులుతుంది. నాజిళ్లు, బ్రేకులు, వాల్వు పనికి అది ఒకటి రెండేళ్లలో ఇంచుమించు సరిపోతుంది.

కిరాయి బండికి లెక్క తిరగబడుతుంది. ఏడాదికి నలభై వేల కిలోమీటర్లు తిరిగేవాడికి 10 నుంచి 15కి మారితే 1,333 లీటర్లు, అంటే లక్షా ఇరవై వేలు మిగులుతుంది. అతడు పాత బండిమీద మమకారం పెట్టుకొంటే ఆ మమకారానికి నెలకు పదివేలు కడుతున్నట్లు. అప్పు దొరికే దారి ఉంటే మార్చడమే మంచిది. ఆ దారి చూపడంలో మన సంఘం పెద్దలు సహాయం చేయగలరేమో కార్యవర్గం ఆలోచించాలని మనవి.

సొంత బండ్లవారు మరొకటి లెక్కలో వేసుకోవాలి. పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషను ఐదేళ్లకొకసారి మళ్లీ చేయించాలి. 2022 ఏప్రిల్ నుంచి ఆ రుసుము బాగా పెరిగింది. అప్పటికి బండి చట్రం తుప్పు పట్టి ఉంటే ఇంజన్ ఎంత బాగున్నా ఆపై డబ్బు పెట్టవద్దు.

ఒక చిన్న సంగతి చెప్పి ముగిస్తాను. ఆంధ్రలో డీజిలు ధర, మన వైపు ధర ఒకటిగా ఉండవు. మన వైపు చవకగా ఉన్నప్పుడు కిందికి దిగేవారు పొట్టంగి వైపే ట్యాంకు నింపుకొని దిగడం మంచిదే. ధరలు మారుతుంటాయి గనుక బయలుదేరే ముందు చూసుకోండి. నింపిన రోజున కిలోమీటరు, లీటర్లు, తేదీ రాయడానికి మన ఆడవారి పాలలెక్క పుస్తకంలో చివరి పుట చాలు. ఎవరైనా నాలుగు ట్యాంకుల లెక్క రాసుకొని తెస్తే నేను ఆదివారం ఉదయం ఇంటి దగ్గరే ఉంటాను, కూర్చొని చూద్దాం. బండిని కూడా తీసుకురండి, చక్రాల దగ్గర చేయి పెట్టి చూడాలి.